ఓపియాయిడ్ నొప్పి మందుకు నరాల నొప్పి మాత్ర తోడైనప్పుడు

మీరు అడిగినది ఇది. మీ అమ్మగారి వయసు 76, బరువు 48 కిలోలు. మధుమేహం వల్ల పాదాల్లో వచ్చే మంటలకు చాలాకాలంగా ప్రీగాబలిన్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నారు. ఇటీవల కింద పడి తుంటి ఎముక విరగడంతో ఆపరేషన్ జరిగింది. ఎముకల వైద్యుడు మొదట ట్రమడాల్ ఇచ్చి, అది చాలకపోవడంతో దాన్ని ఆపి, నెమ్మదిగా కరిగే మార్ఫిన్ మాత్రలు రాశారు. అప్పటి నుంచి నొప్పి బాగా తగ్గింది, పగలు కూడా ఎక్కువసేపు నిద్రపోతున్నారు, ఇదివరకు లేని గురక మొదలైంది. రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరును సూచించే క్రియాటినిన్ 1.1 వచ్చింది, అది మామూలేనని చెప్పారు. ఈ రెండు మందులు కలిస్తే ఊపిరి ఆగిపోతుందని విన్నామని, అది నిజమైతే ప్రీగాబలిన్ వెంటనే ఆపేయవచ్చా అని మీ ప్రశ్న.

నొప్పి చికిత్సలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నవాడిగా, ముందు చేయవలసినది చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. ప్రీగాబలిన్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. అయితే అమ్మగారికి తర్వాతి మార్ఫిన్ మాత్ర ఇచ్చే ముందే, ఇవాళే, ఆ మాత్ర రాసిన వైద్యుడితో మాట్లాడండి. ఆమె పగలు మాటల మధ్యలో నిద్రలోకి జారుకుంటున్నా, పిలిస్తే ఆలస్యంగా పలుకుతున్నా, ఫోన్ కోసం వేచి ఉండకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మీరు రాసిన వాటన్నిటిలో నన్ను కలవరపెట్టినవి మందుల పేర్లు కావు, పగటి నిద్ర, కొత్తగా వచ్చిన గురక. నొప్పి తగ్గి హాయిగా నిద్రపోతున్నారని ఇంట్లోవాళ్లు సంతోషించే ఆ స్థితే ఈ మందుల జోడీ ఇచ్చే మొదటి హెచ్చరిక కావచ్చు. మార్ఫిన్, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ జాతి మందుల వల్ల శ్వాస మందగించే ముందు చాలావరకు మగత పెరుగుతుంది. అందుకే ఆసుపత్రుల్లో మార్ఫిన్ ఇచ్చే రోగి ఎంత తేలికగా మేలుకుంటున్నాడో నర్సులు తరచూ పరీక్షించి రాసుకుంటారు. ఇంట్లో ఆ పని చేసేవారు ఎవరూ ఉండరు. ఈ సమాధానం ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

మనం శ్వాస తీసుకోవడం మన ఇష్టాయిష్టాలతో జరిగే పని కాదు. మెదడు అడుగుభాగంలో, మెడ్యుల్లా అనే చోట ఉన్న నాడీకణాల గుంపులు శ్వాస లయను నడిపిస్తాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొంచెం పెరగగానే అవి గుర్తించి ఊపిరి వేగాన్ని, లోతును పెంచుతాయి. మార్ఫిన్, ట్రమడాల్, కోడీన్, ఆక్సీకొడోన్, ఫెంటానిల్ వంటి ఓపియాయిడ్లు నొప్పిని తగ్గించేది మ్యూ అనే గ్రాహకాల, అంటే కణాల మీద మందు అతుక్కునే తావుల ద్వారా. అవే గ్రాహకాలు శ్వాసను నడిపే ఈ కణాల మీద కూడా ఉన్నాయి. కనుక మందు పనిచేస్తున్నప్పుడు నొప్పితో పాటు కార్బన్ డయాక్సైడ్‌కు మెదడు స్పందించే చురుకుదనం కూడా కొంత తగ్గుతుంది. సరైన మోతాదులో, ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆ తగ్గుదల ప్రమాదకరం కాదు, ఎందుకంటే మెలకువ, నొప్పి, చుట్టూ ఉన్న అలికిడి, ఇవన్నీ శ్వాసను ప్రేరేపిస్తూనే ఉంటాయి.

ప్రీగాబలిన్, దాని జాతికే చెందిన గాబాపెంటిన్ పనిచేసే దారి వేరు. అవి నాడీకణాల చివర ఉండే కాల్షియం ద్వారాలలోని ఆల్ఫా-2-డెల్టా అనే భాగానికి అతుక్కుని, అతిగా స్పందిస్తున్న నరాల నుంచి వెలువడే రసాయన సంకేతాలను తగ్గిస్తాయి. గాబాపెంటిన్ మొదట మూర్ఛ వ్యాధికి వాడిన మందు, తర్వాతే నరాల నొప్పికి. అమెరికాలో గాబాపెంటిన్‌కు మూర్ఛ మందుగా 1993లో, సర్పి తగ్గాక మిగిలే నొప్పికి 2002లో అనుమతి లభించింది. ప్రీగాబలిన్‌కు 2004లో లభించింది. వీటిని విడిగా వాడినప్పుడు ఆరోగ్యవంతుల శ్వాస మీద ప్రభావం స్వల్పమే కావడం వల్ల చాలాకాలం పాటు వైద్యులు వీటిని నిరపాయకరమైన మాత్రలుగానే చూశారు, ఓపియాయిడ్ మోతాదు తగ్గించడానికి మంచి తోడుగా కూడా భావించారు. కానీ ఇవి మెదడును కొంత మత్తులో ఉంచుతాయి. ఓపియాయిడ్ వల్ల శ్వాస ప్రేరణ అప్పటికే బలహీనపడి ఉన్నప్పుడు, దాన్ని నిలబెడుతున్న మెలకువను ఈ రెండో మందు తీసేస్తుంది. ప్రయోగానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఆరోగ్యవంతులకు ప్రీగాబలిన్, రెమిఫెంటానిల్ అనే ఓపియాయిడ్ కలిపి ఇచ్చి చూసిన ప్రయోగంలో, విడిగా ఇచ్చినప్పటి కన్నా కలిపి ఇచ్చినప్పుడు శ్వాస ఎక్కువగా మందగించింది.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. ఓపియాయిడ్‌ను కొన్ని వారాలు వాడిన శరీరం దానికి అలవాటుపడి, అదే మోతాదుకు శ్వాస మునుపటంత మందగించకుండా తట్టుకుంటుంది. ఎలుకల మీద చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, మార్ఫిన్‌కు ఇలా అలవాటుపడిన జంతువులకు ప్రీగాబలిన్ ఇవ్వగానే ఆ తట్టుకునే శక్తి పోయింది. జంతువులలో కనిపించినది మనుషులలోనూ అదే స్థాయిలో జరుగుతుందని చెప్పలేం. అయినా, చాలాకాలంగా మార్ఫిన్ మీద నిలకడగా ఉన్న వ్యక్తికి కొత్తగా ప్రీగాబలిన్ చేర్చేటప్పుడు, ఆయనకు అలవాటే కదా అన్న ధీమాతో మొదటి రోజే పెద్ద మోతాదు రాయకపోవడానికి ఈ ఒక్క కారణం చాలునని నా అభిప్రాయం.

గాబాపెంటిన్ విషయంలో మరో చిక్కు ఉంది. అది పేగుల నుంచి రక్తంలోకి చేరడానికి ఒక ప్రత్యేక వాహక వ్యవస్థ మీద ఆధారపడుతుంది. ఆ వ్యవస్థ సామర్థ్యానికి హద్దు ఉంది కనుక మోతాదు పెంచిన కొద్దీ శరీరంలోకి చేరే శాతం తగ్గుతూ పోతుంది. రోజుకు 900 మిల్లీగ్రాములు మూడుసార్లుగా వేసుకుంటే సుమారు 60 శాతం చేరుతుంది, 3600 వేసుకుంటే దాదాపు 33 శాతమే చేరుతుంది. ఓపియాయిడ్లు పేగుల కదలికను నెమ్మదింపజేస్తాయి. మలబద్ధకం అందుకే వస్తుంది. పేగుల్లో ఎక్కువసేపు నిలిచిన గాబాపెంటిన్ ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. ఆరోగ్యవంతులకు 60 మిల్లీగ్రాముల మార్ఫిన్ ఇచ్చి, రెండు గంటల తర్వాత 600 మిల్లీగ్రాముల గాబాపెంటిన్ ఇచ్చి చూస్తే, శరీరానికి అందిన గాబాపెంటిన్ మొత్తం 44 శాతం పెరిగింది. అంటే మాత్ర మీద రాసి ఉన్న అంకె మారకపోయినా, లోపలికి వెళ్లే మందు మారిపోయింది. ప్రీగాబలిన్ మోతాదు ఎంతైనా 90 శాతం, అంతకు మించి చేరుతుంది కాబట్టి ఈ చిక్కు దానికి అంతగా వర్తించదు. మీ అమ్మగారి విషయంలో అసలు సమస్య మరోచోట ఉంది.

ఆ చోటు మూత్రపిండాలు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ రెండింటినీ కాలేయం దాదాపుగా మార్చదు, అవి ఉన్నవి ఉన్నట్టుగా మూత్రంలో బయటికి పోతాయి. మూత్రపిండాల వడపోత తగ్గితే మందు లోపలే పేరుకుపోతుంది. సాధారణంగా గాబాపెంటిన్ సగానికి తగ్గడానికి 5 నుంచి 7 గంటలు పడితే, వడపోత నిమిషానికి 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉన్నవారిలో అది సగటున 52 గంటల దాకా సాగుతుంది. వృద్ధులలో తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే, క్రియాటినిన్ అంకెను మాత్రమే చూసి కిడ్నీలు బాగున్నాయనుకోవడం. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే పదార్థం. వయసు మీద పడి కండ కరిగిన సన్నటి మనిషిలో అది పుట్టడమే తక్కువ, అందుకే వడపోత బాగా తగ్గినా రక్తంలో అంకె మామూలుగానే కనిపిస్తుంది. మందుల మోతాదు నిర్ణయించడానికి వాడే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో వయసు, బరువు, క్రియాటినిన్ మూడూ ఉంటాయి: 140 నుంచి వయసును తీసివేసి, బరువుతో గుణించి, 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించి, స్త్రీలకైతే 0.85తో గుణించాలి. మీ అమ్మగారి అంకెలు వేస్తే, 140లో 76 పోగా 64, దాన్ని 48తో గుణిస్తే 3072, 72ను 1.1తో గుణించగా వచ్చే 79.2తో భాగించి 0.85తో గుణిస్తే సుమారు 33 వస్తుంది. మామూలు అని చెప్పిన క్రియాటినిన్ వెనుక ఉన్న నిజమైన వడపోత నిమిషానికి 33 మిల్లీలీటర్లు మాత్రమే.

ప్రీగాబలిన్‌తో వచ్చే అధికారిక సమాచారం ప్రకారం, వడపోత 30కి, 60కి మధ్య ఉన్నవారికి మోతాదును సగం చేయాలి. కనుక ఆమె వేసుకుంటున్న 300 మిల్లీగ్రాములు, మూత్రపిండాలు బాగున్న వ్యక్తి 600 వేసుకోవడంతో సమానం. మధుమేహపు నరాల నొప్పికి అమెరికాలో సిఫారసు చేసిన గరిష్ఠ మోతాదు, అదీ మూత్రపిండాలు బాగున్నవారికి, రోజుకు 300. ఆమెకు అది 150కి మించకూడదు. పైగా మార్ఫిన్ కూడా మూత్రపిండాల మీద ఆధారపడినదే. కాలేయం దాన్ని మార్చగా ఏర్పడే మార్ఫిన్-6-గ్లూకురోనైడ్ అనే పదార్థం మార్ఫిన్ లాగే శక్తిమంతంగా పనిచేస్తుంది, అది బయటికి పోవాల్సింది మూత్రంలోనే. వడపోత తగ్గిన శరీరంలో ఈ రెండూ ఒకేసారి పేరుకుంటాయి, అదీ మొదటి రోజున కాదు, కొన్ని రోజుల్లో మెల్లగా. మొదటి రెండు రోజులు బాగానే ఉన్నారు కదా అనుకోవడానికి వీలులేకపోవడం ఇందువల్లనే. ఆపరేషన్ తర్వాత నీళ్లు సరిగా తాగకపోవడం, వాంతులు, విరేచనాలు, జ్వరం, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు, ఇవన్నీ వడపోతను మరింత కిందికి లాగుతాయి.

ఆమె అసలు ఎందుకు పడ్డారో కూడా అడిగి తెలుసుకోండి. ప్రీగాబలిన్‌తో తల తిరగడం, నడకలో తూలడం సాధారణంగా కనిపించే దుష్ఫలితాలు. మోతాదు శరీరానికి ఎక్కువైపోతున్నదని ఆ పడిపోవడమే మొదట చెప్పి ఉండవచ్చు.

మనుషులలో ఈ ప్రమాదం ఎంతవరకు రుజువైందంటే, కెనడాలోని ఒంటారియోలో ఓపియాయిడ్ వాడుతున్నవారి రికార్డులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, గాబాపెంటిన్ కూడా వాడుతున్నవారిలో ఓపియాయిడ్ సంబంధిత మరణం సంభవించే అవకాశం, వాడనివారితో పోలిస్తే 49 శాతం ఎక్కువగా కనిపించింది. రోజుకు 900 మిల్లీగ్రాములు, అంతకు మించి వాడినవారిలో ఆ పెరుగుదల 60 శాతానికి దగ్గరగా ఉంది. అదే బృందం 2018లో ప్రీగాబలిన్ గురించి ప్రచురించినప్పుడు పెరుగుదల 68 శాతంగా తేలింది, రోజుకు 300 దాటినవారిలో అది రెండున్నర రెట్లు. ఇవి రికార్డులను వెనక్కి తిరిగి చూసిన అధ్యయనాలు. రెండు మందులూ వాడేవారు మొదటి నుంచే ఎక్కువ జబ్బుతో ఉండి ఉండవచ్చు కనుక పెరుగుదల అంతా మందు వల్లనే అని చెప్పలేం. అయినా మోతాదు పెరిగిన కొద్దీ ప్రమాదం పెరగడం, శరీరంలో జరిగే ప్రక్రియ దానికి సరిపోవడం, ఈ రెండూ కలిసి నాకు సందేహానికి పెద్దగా చోటు మిగల్చలేదు. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2017 అక్టోబరులో గాబాపెంటిన్ మీద, 2021 ఫిబ్రవరిలో ప్రీగాబలిన్ మీద శ్వాస గురించి హెచ్చరికలు జారీ చేసింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో ఈ రెండింటి సమాచార పత్రాల్లోనూ హెచ్చరిక చేర్చాలని ఆదేశించింది. ఆ సంస్థ 2012 నుంచి 2017 వరకు తనకు అందిన 49 కేసులను పరిశీలించింది. వారిలో 12 మంది చనిపోయారు, ఆ 12 మందిలో ప్రతి ఒక్కరికీ శ్వాసకు సంబంధించిన ముప్పు ఏదో ఒకటి అప్పటికే ఉంది లేదా మత్తు కలిగించే మరో మందు వాడకంలో ఉంది.

ఈ చివరి వాక్యంలో హెచ్చరికతో పాటు ధైర్యం కూడా ఉంది. ఈ జోడీ ఎవరికి హాని చేస్తుందో చాలావరకు ముందే ఊహించవచ్చు. 65 దాటిన వయసు, మూత్రపిండాల బలహీనత, సీఓపీడీ వంటి ఊపిరితిత్తుల జబ్బు, స్థూలకాయం, నిద్రలో శ్వాస ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా, నిద్రమాత్రలు, ఆందోళనకు వాడే ఆల్ప్రజోలమ్, క్లోనజెపామ్ వంటి మాత్రలు, మద్యం, ఇవి ప్రధానమైనవి. జలుబుకు, దురదకు, దగ్గుకు చీటీ లేకుండా దొరికే మగత మందులు కూడా ఈ లెక్కలోకి వస్తాయి, వాటిని మందుల కింద లెక్కపెట్టేవారు తక్కువ. వైద్యుడు అడిగినప్పుడు అలవాటుగా వదిలేసే పేర్లు ఇవే, దయచేసి వీటిని తప్పకుండా చెప్పండి. మీ ఇంట్లో జరిగినట్లే, ఒక మందు మధుమేహ వైద్యుడు, మరొకటి ఎముకల వైద్యుడు రాసినప్పుడు, రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఎక్కడా ఉండరు. ఆ పని మీరే చేయాలి. మందులన్నిటినీ ఒకే కాగితం మీద మోతాదులతో, వేసుకునే వేళలతో రాసి ప్రతి వైద్యుడికీ చూపించండి.

అలాగని ఈ రెండు రకాల మందులూ ఎప్పటికీ కలపకూడదని నేను అనడం లేదు. 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, మార్ఫిన్, గాబాపెంటిన్ కలిపి ఇచ్చినప్పుడు ఒక్కొక్కటీ తక్కువ మోతాదులోనే నరాల నొప్పి మెరుగ్గా తగ్గింది. క్యాన్సర్ నరాలను నొక్కుతున్నప్పుడు కలిగే నొప్పిలో ఈ కలయిక అవసరమవుతుంది, మేము వాడతాం. నిర్ణయించేటప్పుడు చూడవలసింది రెండో మందు వల్ల ఈ వ్యక్తికి నిజంగా ప్రయోజనం ఉందా అన్నది. నడుము నుంచి కాలిలోకి పాకే సయాటికా నొప్పికి ప్రీగాబలిన్ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదని 2017లో ఒక పటిష్ఠమైన అధ్యయనం చూపింది. ఆపరేషన్ నొప్పికి ముందుజాగ్రత్తగా ఈ మాత్రలు ఇవ్వడం వల్ల రోగికి చెప్పుకోదగ్గ ఉపశమనం లేదని, తల తిరగడం మాత్రం ఎక్కువైందని 2020లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. నడుము నొప్పికి అలవాటుగా రాసే చోట, ప్రయోజనం లేని మందు కోసం ప్రమాదాన్ని కొనితెచ్చుకుంటున్నాం. మీ అమ్మగారి పాదాల మంటలకు ప్రీగాబలిన్ సరైన మందే, దాని మోతాదు మాత్రం సరైనది కాదు.

రెండింటి మధ్య కొన్ని గంటల విరామం ఇస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. మూత్రపిండాలు బాగున్నప్పుడు కూడా ప్రీగాబలిన్ సగానికి తగ్గడానికి సుమారు 6 గంటలు పడుతుంది, వడపోత ఇంతగా తగ్గినప్పుడు ఆ సమయం రెట్టింపు దాటుతుంది, నెమ్మదిగా కరిగే మార్ఫిన్ 12 గంటల పాటు విడుదలవుతూనే ఉంటుంది. కనుక విరామం ఇచ్చినా రెండూ శరీరంలో కలిసే ఉంటాయి. పడుకునే ముందు రెండూ ఒకేసారి వేసుకోవడం మాత్రం మంచిది కాదు, ఎందుకంటే ఎవరూ గమనించని వేళలో రెండింటి ప్రభావమూ కలిసి పెరుగుతుంది. వేళలు ఎలా సర్దాలో వైద్యుణ్ణి అడగండి. అయితే మోతాదు తగ్గించడం చేసే మేలును వేళ మార్చడం చేయలేదు. నెమ్మదిగా కరిగే మాత్రను నూరడం, నమలడం, విరవడం చేయకూడదు, 12 గంటల మందు ఒక్కసారిగా విడుదలవుతుంది.

నరాల నొప్పికి వాడే ఇతర మందులకు మారాలన్న ఆలోచన మీకు రావచ్చు, అందుకే వాటి గురించి కొంత చెబుతాను. అమిట్రిప్టిలిన్ మగతలో ఏమీ తక్కువ కాదు, పైగా వృద్ధులలో మలబద్ధకాన్ని, మూత్రం ఆగిపోవడాన్ని, తికమకను పెంచుతుంది, మార్ఫిన్ కూడా ఆ పనులే చేస్తుంది. డులోక్సెటిన్ శ్వాసను అంతగా మందగింపజేయదు, కానీ ట్రమడాల్‌తో కలిసినప్పుడు రెండు సమస్యలు వస్తాయి. రెండూ మెదడులో సెరటోనిన్‌ను పెంచుతాయి కాబట్టి వణుకు, చెమటలు, జ్వరం, కండరాల బిగుతు, కంగారుతో కూడిన సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు. రెండోది, ట్రమడాల్‌ను, కోడీన్‌ను చురుకైన రూపంలోకి మార్చే కాలేయ ఎంజైమును డులోక్సెటిన్ అడ్డుకుంటుంది కనుక వాటి నొప్పి నివారణ తగ్గుతుంది. నొప్పి తగ్గలేదని రోగి మాత్రలు పెంచుకుంటాడు. ట్రమడాల్ మూర్ఛ వచ్చే అవకాశాన్ని కూడా పెంచుతుంది. ముఖం నరాల నొప్పికి వాడే కార్బమజెపైన్‌ది తలకిందులు వ్యవహారం. అది కాలేయ ఎంజైములను ఉత్తేజపరచి ఆక్సీకొడోన్, ఫెంటానిల్, మెథడోన్, ట్రమడాల్ వంటి వాటిని త్వరగా కరిగించేస్తుంది. దానికి తగ్గట్టు ఓపియాయిడ్ మోతాదు పెంచుకున్న వ్యక్తి, ముఖం నొప్పి తగ్గిందని కార్బమజెపైన్ మానేస్తే, రెండు మూడు వారాల్లో ఎంజైములు మామూలు స్థితికి వచ్చి, అదే ఓపియాయిడ్ మోతాదు ప్రమాదకరంగా మారుతుంది. మందు చేర్చినప్పుడు జాగ్రత్తపడేవారు చాలామంది ఉన్నారు, మందు తీసివేసినప్పుడు కూడా జాగ్రత్తపడాలని గుర్తుంచుకునేవారు తక్కువ.

ఇక ఇంట్లో ఏమి గమనించాలి. మందు మొదలుపెట్టిన, పెంచిన, మార్చిన తర్వాతి మొదటి మూడు నాలుగు రోజులు, అలాగే కొత్తగా ఏ జబ్బు చేసినా, రాత్రి కనీసం రెండుసార్లు చూడాలి. నిద్రపోతున్న మనిషిని లేపకుండా, ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తోందో పూర్తి నిమిషం లెక్కపెట్టండి. నిమిషానికి 12 నుంచి 20 సార్లు మామూలు. 10 కంటే తగ్గితే లేపి చూడండి, 8 అంతకంటే తక్కువైతే అది అత్యవసర స్థితి. లెక్క సరిగానే ఉన్నా శ్వాస పైపైన మాత్రమే ఆడుతుంటే, మధ్యలో పది సెకన్లు, అంతకు మించి ఆగుతుంటే, గురకలో గొంతులో నీరు కదిలినట్టు గరగర శబ్దం వస్తుంటే అది నిద్ర కాదు. పేరు పెట్టి పిలవండి, భుజం తట్టండి. కళ్లు తెరిచి సరైన మాట చెప్పగలగాలి. పగలు గమనించవలసినవి మాట తడబడటం, తికమక, ఉదయం లేవగానే తలనొప్పి. రాత్రంతా కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే ఆ తలనొప్పి వస్తుంది.

వేలికి పెట్టే ఆక్సిమీటరును పూర్తిగా నమ్ముకోవద్దు. అది ఆక్సిజన్‌ను కొలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ను కొలవదు. ముఖ్యంగా ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునే రోగిలో, శ్వాస బాగా మందగించి కార్బన్ డయాక్సైడ్ ప్రమాద స్థాయికి చేరుతున్నా అంకె 96, 97 చూపిస్తూనే ఉండవచ్చు. అంకె తగ్గితే తప్పక భయపడండి, అంకె బాగుందని మాత్రం మగతను పట్టించుకోకుండా ఉండకండి.

మనిషి మేలుకోకపోయినా, పెదవులు, గోళ్లు నీలిబారినా, కంటిపాప సూదిమొనంత చిన్నదైనా వెంటనే అంబులెన్సును పిలవండి. శ్వాస ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్లు గానీ మరేదైనా గానీ పోయవద్దు. శ్వాస ఆగితే ఫోనులో అంబులెన్సువారు చెప్పినట్లు కృత్రిమ శ్వాస, ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. నలోక్సోన్ అనే విరుగుడు మందు ముక్కులో కొట్టే రూపంలోనూ, ఇంజెక్షన్‌గానూ ఉంది. ఇంట్లో ఓపియాయిడ్ వాడేవారు ఉన్నప్పుడు అది దొరికే చోట ముందే తెచ్చి పెట్టుకోవడం గురించి వైద్యుణ్ణి అడగండి. అది ఓపియాయిడ్ ప్రభావాన్ని మాత్రమే తీసేస్తుంది, ప్రీగాబలిన్, గాబాపెంటిన్‌ల మత్తు మీద దానికి పట్టు లేదు. అయినా ఇవ్వాలి, ఎందుకంటే శ్వాసను ఎక్కువగా అణిచివేస్తున్నది ఓపియాయిడే. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది, నెమ్మదిగా కరిగే మార్ఫిన్ అంతకన్నా చాలా ఎక్కువసేపు ఉంటుంది. కాబట్టి మేలుకుని మాట్లాడుతున్నా సరే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, ఇంట్లో ఉంచుకోకూడదు.

ఇప్పుడు, ప్రీగాబలిన్ ఎందుకు ఒక్కసారిగా ఆపకూడదు. అలా ఆపితే నిద్రలేమి, చెమటలు, వికారం, తీవ్రమైన ఆందోళన, కొందరిలో మూర్ఛ కూడా రావచ్చు. కనీసం వారం రోజుల్లో, ఎక్కువకాలంగా వాడుతున్నవారిలో ఇంకా నెమ్మదిగా తగ్గించాలి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్న వ్యక్తిలో మోతాదును సరిచేయడం, ఆపేయడం రెండూ ఒకటి కావు. ఎంత వేగంగా తగ్గించాలో మగత తీవ్రతను బట్టి వైద్యుడు నిర్ణయిస్తారు, పరిస్థితి ప్రమాదకరంగా ఉంటే ఆసుపత్రిలో ఉంచి త్వరగా తగ్గిస్తారు.

మీరు వైద్యుడితో మాట్లాడేటప్పుడు ఈ నాలుగు సంగతులు చెప్పండి: పగటి నిద్ర, కొత్త గురక ఎప్పుడు మొదలయ్యాయో, వయసు, బరువుతో లెక్కిస్తే వడపోత 33 వస్తున్నదని, ప్రీగాబలిన్ రోజుకు 300 వేసుకుంటున్నారని, ఇంకా ఏ నిద్రమాత్రలు, దగ్గు మందులు వాడుతున్నారో. నేను అక్కడ ఉంటే, ముందుగా మార్ఫిన్ అవసరం ఇంకా ఉందా అని చూస్తాను. తుంటి ఆపరేషన్ నొప్పి రోజురోజుకూ తగ్గేది, పాదాల మంట ఏళ్ల తరబడి ఉండేది. అందుచేత మొదట తగ్గవలసింది ఓపియాయిడే. పారాసిటమాల్‌ను ఆమె బరువుకు తగిన మోతాదులో వేళ తప్పకుండా ఇస్తూ, మార్ఫిన్‌ను తగ్గించడం, లేదా బలమైన మందు ఇంకా అవసరమైతే మూత్రపిండాల మీద అంత ఆధారపడని బ్యూప్రెనార్ఫిన్ వంటి దానికి జాగ్రత్తగా మార్చడం, ప్రీగాబలిన్‌ను రోజుకు 150కి తేవడం, మూడు నాలుగు రోజుల్లో క్రియాటినిన్ మళ్లీ చూడడం నేను చేసే పనులు. పాదాలకు లిడోకైన్ పట్టీ, క్యాప్సేసిన్ మలాము వంటి పైపూత మందులు కూడా వైద్యుడితో చర్చించండి, వాటికి శ్వాసతో సంబంధం లేదు. ఆపరేషన్ నొప్పి తగ్గాక మిగిలిన మార్ఫిన్ మాత్రలను ఇంకోసారి నొప్పికి పనికొస్తాయని దాచవద్దు, మందుల షాపులో అడిగి సురక్షితంగా వదిలించుకోండి.